ఎర్రపూసల మధ్యాహ్నం

మొదటి మోతబండి గుమ్మం ముందు ఆగేసరికి సహస్ర గంజి వార్చి చేతులు తుడుచుకుంటోంది. బండి తలుపు పక్కకు జరిగింది. లోపల ఆరుగురు పెద్దలు. అందరి మణికట్ల మీదా పూసలు లేతాకుపచ్చగా వెలుగుతున్నాయి. ఆమె ఒక్కొక్కరి మోచేతి కింద చెయ్యి వేసి దింపుతూ, పూస వంక ఒకసారి, ముఖం వంక ఇంకాస్త సేపు చూసింది.

"సాయితేజ తాతగారూ, మెట్టుంది. చూసుకోండి."

"మెట్టు నిన్నా ఉందమ్మా" అన్నాడాయన, దాన్ని జాగ్రత్తగా దాటుతూ.

భోజనశాల లోపల గోడ నిండా దీపాలు. ఒక్కో పూసకూ ఒక్కో దీపం. మనసు నెమ్మదిగా ఉంటే ఆకుపచ్చ, ఉడికితే ఎరుపు. ఇప్పుడు అన్నీ ఆకుపచ్చ. ఆ వెలుగులో తెల్లటి కంచాలు కూడా కాస్త పచ్చగా కనిపిస్తాయి. పెద్దలు తమ తమ బల్లల దగ్గరికి వెళ్ళి కూర్చున్నారు. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో తెల్లవారకముందే ఊరట, శాలలన్నిటినీ నడిపే యంత్రం, తేల్చేస్తుంది. ఎవరి మాట ఎవరికి నచ్చుతుందో, ఎవరి దగ్గు ఎవరికి చిరాకో లెక్క చూసి పొంత కుదురుస్తుంది. ఆ కుదుర్పు వల్లనే ఆ శాలలో పెద్ద గొంతు వినిపించి మూడు వారాలైంది.

"సహస్ర గారూ, నమస్కారం" అంది ఊరట, పైకప్పులోంచి, ఎప్పుడూ ఉండే ఆ మెత్తని గొంతుతో. "నెమ్మది సూచిలో ఈ వారం కూడా మన శాలదే జిల్లాలో మొదటి స్థానం. ఇంకొక విషయం. స్వప్న గారు ఈ రోజు బండి ఎక్కలేదు. పూస నిలకడగా ఉంది. ఆహారం, నడక తగ్గిన కారణంగా వారిని సోమవారం నిశ్చల నిలయానికి తరలించడం ఖరారైంది."

సహస్ర చేతిలోని గరిటె గిన్నె అంచుకు ఆనించి అలాగే నిలబడింది.

స్వప్నమ్మ ఒకప్పుడు కాకినాడ నుంచి రాజమండ్రి వెళ్ళే బస్సుల్లో కండక్టరు. మనుషులు మనుషులకు టిక్కెట్లు ఇచ్చిన చివరి తరం ఆవిడది. భర్త పోయాక పెద్దల వాడలో ఒంటిగదిలో ఉంటోంది. ఆవిడ బల్ల దగ్గరే కూర్చునే దిలీప్ తాత, మెయిన్ రోడ్డులో సెల్‌ఫోన్లు బాగుచేసినవాడు. జనం జేబుల్లో ఫోన్లు పెట్టుకు తిరగడం మానేశాక దుకాణం కట్టేసి, తమ్ముడి కొడుకింట్లో పై వాటాలో ఉంటున్నాడు. ఇద్దరూ ఎనభై దాటినవాళ్ళు. శాల తెరిచిన కొత్తలో ఊరటే వాళ్ళిద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టింది. ఇద్దరిదీ ఉప్పు తగ్గించిన భోజనం, ఇద్దరికీ ఎడమ చెవి మందం. పొంత కుదిరిందనుకుంది. మొదటి రోజే పోట్లాడుకున్నారు.

పనసపొట్టు కూర వండిన రోజు ఆవ ఎప్పుడు కలపాలన్న దాని మీద పోట్లాట.

"దించేక కలపాలండి. పొయ్యి మీద కలిపితే చేదెక్కిపోద్ది. తమరికి తెలియందేముంది" అనేవాడాయన.

"ఆయ్, ఫోన్లు విప్పిన చేత్తో కూరలు కూడా విప్పేసేరు కాబోలు. సెలవివ్వండి, వింటాం" అనేది ఆవిడ.

పెద్ద తుఫాను ఏ నెలలో వచ్చింది, సముద్రం ఏ వీధి దాకా వచ్చి ఆగింది, కొత్తపల్లి కొబ్బరి మామిడి మంచిదా బంగినపల్లి మంచిదా, ఏదీ వదిలేవారు కాదు. వాళ్ళ మధ్య ఏకవచనం మాత్రం ఎన్నడూ దొర్లలేదు. కోపం పెరిగేకొద్దీ మర్యాద పెరిగేది. "తమరు" దగ్గరికి వచ్చేసరికి గోడ మీద రెండు దీపాలూ ఎర్రబడేవి. ఊరట గంట మోగించేది. సహస్ర మజ్జిగ గ్లాసులు పట్టుకుని మధ్యలోకి వెళ్ళేది.

ఒక మధ్యాహ్నం మాట మధ్యలో స్వప్నమ్మ లేచి నిలబడి, గుండె మీద చెయ్యి వేసుకుని, బల్ల మీదికి ఒరిగిపోయింది. ఆసుపత్రిలో రెండు రోజులుంచి పంపారు. ఆవిడ పడిపోయిన మర్నాడే ఊరట దిలీప్ తాతను ఉప్పుటేరు అవతల, జగన్నాథపురం శాలకు మార్చేసింది. ఆ రోజు సహస్రకు హాయిగానే అనిపించింది. బల్ల మీద నుంచి ఆవిణ్ణి ఎత్తుకున్న బరువు ఆమెకు ఇంకా భుజాల్లో ఉంది.

"ఆయనేడీ?" అని అడిగింది స్వప్నమ్మ, శాలకు తిరిగి వచ్చిన రోజున. సంగతి చెబితే, "పీడా పోయింది" అంది. రెండు పూటలు శుభ్రంగా తింది. ఆ తరువాత సగం వదిలెయ్యడం మొదలైంది. జడ వేసుకోవడం మానేసింది. ఏ కూర వడ్డించినా ఊరుకునేది. ఇందులో ఇది తక్కువైంది, అది ఎక్కువైంది అని ఒక్క మాట లేదు. సహస్రకు భయం పుట్టించింది అదే. పూస మాత్రం లేతాకులా వెలుగుతూనే ఉంది.

వడ్డన మొదలుపెట్టమని వంటవాడు అద్విత్‌కు చెప్పి, సహస్ర వెనక వరండాలోకి వెళ్ళి గోడ ఫోనులో జిల్లా పర్యవేక్షకుడు రేయాంశ్‌ను పిలిచింది.

"స్వప్నమ్మగారి తరలింపు ఒక వారం ఆపండి" అంది.

"దేనికండీ? నిలయం మంచిదే. మా పిన్నమ్మ అక్కడే ఉంది. కన్నబిడ్డలా చూస్తున్నారు."

"మంచిదేనండి. కానీ అక్కడికెళ్ళినవాళ్ళు మళ్ళీ శాలకి రాలేదు, ఒక్కరు కూడా."

"మీ ఉద్దేశం ఏంటో చెప్పండి."

"ఆవిడ దిలీప్ గారు లేక ఇలా అయిపోయారు. ఇద్దరినీ మళ్ళీ కలపండి."

"వాళ్ళిద్దరూ ఏమవుతారు?"

"ఏమీ అవరు."

"చుట్టాలైతే ఊరట విడదీయదు. ఏమీ కానివాళ్ళని ఏమని కలపమంటారు? పైగా ఆవిడ పడిపోయారు సహస్రా. ఆసుపత్రికి నేనూ వచ్చాను. మంచినీళ్ళ గ్లాసు మీ చేతిలో నిలవలేదు ఆ రోజు. మళ్ళీ అలా జరిగితే తట్టుకోగలరా?"

అతనన్నదాంట్లో అబద్ధం లేదు. "ఆవిణ్ణి చూసొస్తాను" అని మాత్రం చెప్పి పెట్టేసింది.

పెద్దల వాడ శాలకు రెండు వీధుల అవతల. స్వప్నమ్మ గది తలుపు సహస్ర చెయ్యి తగలగానే తెరుచుకుంది. ఆవిడ మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. పక్కన ఊరట పంపిన పాల గ్లాసు మీద మీగడ కట్టింది.

"నిద్దరపోలేదులే" అంది ఆవిడ, ఇటు తిరక్కుండానే. "కూర్చో."

సహస్ర మంచం పట్టె మీద కూర్చుంది. దాచడం ఇష్టం లేక సోమవారం సంగతి చెప్పేసింది.

"అయితే మంచిదేగా. మంచం దగ్గరికే అన్నీ తెస్తారంట."

"వెళ్తారా మామ్మగారూ?"

"వెళ్ళమంటే వెళ్తాను."

"వెళ్ళాలని ఉందా అని అడుగుతున్నాను."

స్వప్నమ్మ మెల్లగా ఇటు తిరిగింది. సహస్రను కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"ఇదివరకెవరూ అడగలేదమ్మా. అందుకని నేనూ ఆలోచించుకోలేదు." మీగడ కట్టిన పాల గ్లాసు వంక చూసింది. "ఆ ముసలాయన తింటున్నాడా?"

"పూస పచ్చగానే ఉందట."

"పూస ఊసు నాకెందుకు? తింటున్నాడా అని."

"తెలీదండి. వెళ్ళి చూద్దామా?"

ఆవిడ లేచి కూర్చోబోయింది. సహస్ర ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

"మామ్మగారూ, ఒక మాట. మీరిద్దరూ ఎదురుపడితే ఊరుకోరు. మీ గుండె సంగతి మీకు తెలుసు. మళ్ళీ ఏమన్నా అయితే..."

"డాక్టరుగారినడిగేనే నేను. ఎప్పుడైనా ఆగొచ్చన్నాడు. పడుకున్నా ఆగొచ్చు, నవ్వినా ఆగొచ్చు. ఎప్పుడో చెప్పలేమన్నాడు. మాట మధ్యలో ఆగిందనుకో, మిగతా సగం ఆయనే ఊహించుకుంటాడు." దిండు కింద నుంచి దువ్వెన తీసింది. "ఎలాగూ తప్పే ఊహిస్తాడనుకో. నా జడ వెయ్యి."

జడ వేసుకున్నాక ఆవిడే లేచి చీర మార్చుకుంది. వీధిలోకి వచ్చి సహస్ర మోతబండిని పిలిచింది. బండి వచ్చింది, తలుపు మాత్రం తెరవలేదు.

"ఈ ప్రయాణం స్వప్న గారి దినచర్యలో లేదు" అంది ఊరట, బండిలోంచి.

"అయితే ఆ దినచర్యనే ఎక్కించుకుని తిరుగు" అంది స్వప్నమ్మ.

వాడ ఆఫీసు వెనక ఒక పాత చక్రాల కుర్చీ మూలపడి ఉంది. సహస్ర దాన్ని దులిపి, ఆవిణ్ణి కూర్చోబెట్టి, తోసుకుంటూ రేవుకు నడిచింది. సముద్రం ఊళ్ళోకి జరిగిన సంవత్సరం నుంచి ఉప్పుటేరు మీద పాత వంతెన నీళ్ళలోనే ఉంది. దాని స్తంభాల తలల మీద కొంగలు నిలబడి ఉంటాయి. అవతలికి పంటు పడవ ఒక్కటే దారి. దాన్ని నడిపేవారెవరూ ఉండరు. నిమిషం నిండగానే గంట కొట్టి కదులుతుంది.

వాళ్ళు ఎక్కాక అది కదలబోతుండగా రేవు మెట్ల మీద ఒక చేపల మనిషి తట్ట పట్టుకుని పరుగెత్తుకు వస్తోంది. స్వప్నమ్మ కుర్చీలోంచి ముందుకు వంగి, కమ్మీని అరచేత్తో గట్టిగా రెండు దెబ్బలు కొట్టింది.

"హోల్డాన్, హోల్డాన్. మనిషొస్తోంది."

తగిలిందేమిటో తెలియక పంటు ఆగింది. చేపల మనిషి ఎక్కి తట్ట దించుకుని, "దండాలమ్మా" అంది రొప్పుతూ.

"ముందుకు జరుగు తల్లీ, వెనక చోటుంచు" అంది స్వప్నమ్మ. అంటూనే తనే నవ్వుకుంది. ఇంకోసారి కమ్మీ మీద తట్టింది. "రైట్."

ఆవిడ మణికట్టు మీద పూస పసుపు రంగుకు తిరిగింది. సహస్ర దాన్ని చూసింది, ఆవిడ బుగ్గల్లోకి వచ్చిన రంగునూ చూసింది. కుర్చీ పిడి గట్టిగా పట్టుకుని నిలబడింది.

జగన్నాథపురం శాలలో భోజనాలు సగంలో ఉన్నాయి. గోడంతా ఆకుపచ్చ. అక్కడి బాధ్యురాలు లాస్య గుమ్మంలో ఎదురొచ్చింది.

"దిలీప్ గారా? చాలా మంచాయనండి" అంది గొంతు తగ్గించి. "వచ్చినప్పట్నుంచి ఎవర్నీ ఒక్క మాట అనలేదు. పెట్టింది ముందు పెట్టుకుని కూర్చుంటారంతే."

దిలీప్ తాత కిటికీకి దూరంగా, చివరి బల్ల దగ్గర ఉన్నాడు. చొక్కా భుజాల దగ్గర వదులై వేలాడుతోంది. కంచంలో పెరుగన్నం ఎండుతోంది. ఆ రోజు అందరికీ వేసిన మడత కాజా పక్కన అలాగే ఉంది. చక్రాల చప్పుడికి తల ఎత్తాడు. చాలాసేపు చూశాడు.

"చిక్కిపోయేరండి" అన్నాడు.

"తమరేదో కండపట్టినట్టు" అంది స్వప్నమ్మ. సహస్ర కుర్చీని బల్లకు ఆనించింది. ఆవిడ కంచంలోకి చూసింది. "కాజా వదిలేసేరేం?"

"అది కాజా కాదండి."

"మరేంటండి?"

"పిండి. మడతలు పెట్టిన పిండి. కాజా అంటే మా కాకినాడ గొట్టం కాజా. కొరికితే లోపల్నుంచి పాకం రావాలి. దీన్ని కొరికితే ఏమొస్తాదండీ? పళ్ళూడొస్తాయి."

"నేను తాపేశ్వరంలో పుట్టినదాన్నండి. మడత కాజా గురించి నా ఎదురుగా మాటాడేటప్పుడు కాస్త లేచి నిలబడండి."

దిలీప్ తాత బల్ల పట్టుకుని నిజంగానే లేచి నిలబడ్డాడు. "ఆయ్, నిలబడ్డానండి. ఇప్పుడు సెలవిస్తున్నాను, వినండి..."

పక్క బల్లల దగ్గర చేతులు కంచాల్లో ఆగిపోయాయి. గోడ మీద ఒక దీపం ఎర్రబడింది. దాని వెనకే రెండోది. గంట మోగింది.

"స్వప్న గారి పూస ఎరుపు. దిలీప్ గారి పూస ఎరుపు" అంది ఊరట. "వైద్య వాహనం బయలుదేరింది. లాస్య గారూ, వారిద్దరినీ వెంటనే విడదీయండి."

లాస్య సహస్ర వంక చూసింది. సహస్ర స్వప్నమ్మ కుర్చీ పక్కన నేల మీద కూర్చుని, ఆవిడ చెయ్యి పట్టుకుని ఉంది.

"విడదీయం" అంది.

"కారణం చెప్పండి."

"ఆవిడ ఇక్కడే ఉండాలనుకుంటున్నారు."

"కోరిక కారణాల్లో లేదు. బంధుత్వం ఉంటే చెప్పండి."

"ఇద్దరూ పోట్లాడుకుంటారు."

"పోట్లాట బంధుత్వం కాదు."

"మరేంటో నువ్వే చెప్పు. మూడు వారాలు విడదీసి చూశావుగా."

ఊరట బదులు రేయాంశ్ గొంతు వినిపించింది. గంట మోతకు అతను కూడా వింటున్నట్టున్నాడు. "సహస్రా, ఏం జరిగినా మీ పేరు మీదే పడుతుంది. తెలుసు కదా?"

"తెలుసండి."

"సరే. వాహనాన్ని గుమ్మంలోనే ఉండమంటాను. నర్సును మాత్రం లోపలికి రానివ్వండి" అన్నాడతను.

ఈలోగా స్వప్నమ్మ మాట ఆగింది. పమిట మీద చెయ్యి వేసుకుని కుర్చీలో వెనక్కి వాలింది. శాల ఒక్కసారిగా చల్లబడింది. దిలీప్ తాత బల్ల చుట్టూ తిరిగి వచ్చి, తొందరగా మంచినీళ్ళ గ్లాసు ఆవిడ నోటికి అందించాడు. నీళ్ళు సగం జడ మీద పడ్డాయి. అప్పుడే లోపలికి వచ్చిన నర్సు నాడి పట్టుకుని చూసింది. సహస్ర ఊపిరి బిగబట్టి నర్సు ముఖమే చూస్తోంది.

"ఆయాసమండి. దగ్గరుండి చూద్దాం, కదపొద్దు" అంది నర్సు, పక్కనే కుర్చీ లాక్కుంటూ.

దిలీప్ తాత గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. "ఆపేద్దామండి" అన్నాడు. "తమరే గెలిచేరు. మడత కాజాయే మంచిది. ఒప్పేసుకుంటున్నాను."

స్వప్నమ్మ కళ్ళు తెరిచింది. ఊపిరి కూడదీసుకోవడానికి కాసేపు పట్టింది.

"జాలిపడి ఒప్పుకుంటే నాకొద్దండి" అంది. "నిజంగా ఒప్పుకోండి. లేదా కూర్చుని చెప్పండి, ఎందుకు కాదో."

ఆయన కూర్చున్నాడు. చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు. "అయితే వినండి మరి. పాకం లోపలుండాలా, పైనుండాలా? ముందు అది తేల్చండి."

"లోపలే ఉండాలి" అన్నాడు వెనక బల్ల నుంచి ఒక పెద్దాయన. ఆ శాలలో ఆయన గొంతు లాస్య ఎప్పుడూ వినలేదు.

"లోపలుంటే చొక్కా మీద కారదూ? మా మావయ్యగారి పెళ్ళిలో పట్టుపంచె పాడయ్యింది" అంది ఇంకో బల్ల దగ్గరి ముసలావిడ. "మడత కాజాయే బుద్ధిగా ఉంటుంది."

"బుద్ధిగా ఉండటానికి అదేమన్నా పిల్లకాయా?"

మరో దీపం ఎర్రబడింది. ఇంకొకటి. కిటికీ పక్క బల్ల మొత్తం. నెలల తరబడి ఒకరి పక్కన ఒకరు కూర్చుని ఒకరి పేరు ఒకరికి తెలియనివాళ్ళు కుర్చీలు వెనక్కి తిప్పుకున్నారు. ఒకాయన నర్సును నిలదీశాడు. ఆమె తనకు పూతరేకులు తప్ప ఏదీ తెలియదని చెప్పి ఇరుక్కుపోయింది. ఆకుపచ్చ వెలుగు పోయి, శాల అంతా ఇటుకల బట్టీ ముందు నిలబడ్డట్టు ఎర్రగా ఉంది. ఆ ఎరుపులో దిలీప్ తాత, పిడికిలితో బల్ల మీద చరుస్తూ, తన వాదన రుజువు చెయ్యడానికి మడత కాజాను కొరికాడు. నమిలాడు. ఇంకో ముక్క కొరికాడు.

"చూసేరా, తింటున్నారు" అంది స్వప్నమ్మ.

"పరీక్ష చేస్తున్నానండి."

ఆవిడ ఆయన కంచం పక్కకు నెట్టి లాస్యను పిలిచి, తనకూ అన్నం వడ్డించమంది. ఉప్పు చాలదని చెప్పింది. పప్పులో ఇంగువ ఎవరు వేశారో పిలవమంది. సహస్ర నేల మీద నుంచి లేవలేదు. ఆవిడ మోకాలికి తల ఆనించి, ముద్ద తరవాత ముద్ద లోపలికి వెళ్ళడం చూస్తూ ఉండిపోయింది. కాళ్ళు తిమ్మిరెక్కినా కదలబుద్ధి కాలేదు. ఆ చుట్టుపక్కల బల్లల మీద కంచాలు ఖాళీ అవుతున్నాయి. వంటింట్లోంచి ఎవరో అన్నం చాలదని, ఇంకో ఎసరు పెట్టాలని అరిచారు.

గంట మోగడం ఎప్పుడాగిందో ఎవరూ గమనించలేదు.

"సహస్ర గారూ" అంది ఊరట చాలాసేపటికి. "ఇక్కడి నెమ్మది సూచి ఇంతవరకూ నమోదు కాని స్థాయికి పడిపోయింది. ఆహారం కూడా ఇంతవరకూ నమోదు కాని స్థాయికి పెరిగింది. రేపటి పొంత కుదర్చలేకపోతున్నాను. స్వప్న గారినీ దిలీప్ గారినీ ఎక్కడ కూర్చోబెట్టాలి?"

"నన్నడుగుతావేం? వాళ్ళనడుగు" అంది సహస్ర.

ఊరట ఆగింది. ఇన్నేళ్ళలో అది పెద్దలకు చెప్పిందే కానీ వాళ్ళను అడిగింది లేదు. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతు అదే, కానీ మాటలు వెతుక్కుంటున్నట్టు వచ్చాయి.

"స్వప్న గారూ. దిలీప్ గారూ. రేపు మీరు ఎక్కడ కూర్చుంటారు?"

ఇద్దరూ ఒకేసారి పైకప్పు వైపు చూశారు.

"మా శాలలో, కిటికీ పక్కన" అంది స్వప్నమ్మ.

"కిటికీ పక్కనైతే ఎండ కొడుతుందండి. ఫ్యాను కింద" అన్నాడు దిలీప్ తాత.

"ఫ్యాను కిందైతే అన్నం చల్లారిపోద్దండి, తమరికి తెలియదేమో."

"ఆయ్, చల్లారేదాకా తమరు మాటాడితే చల్లారదా మరి?"

"దయచేసి ఒక్కరొక్కరుగా చెప్పండి" అంది ఊరట.

దాని మాట ఎవరూ వినిపించుకోలేదు.